నోరు తిరిగొచ్చిన పెట్టె

వేలు పెడితే తలుపు తెరుచుకోలేదు.

జగ్గమ్మ చూపుడువేలిని కొంగుతో తుడుచుకుని, తలుపు పిడి పక్కనున్న నల్లటి గాజుబిళ్ళ మీద మళ్ళీ ఆనించింది. రోజూ అయితే వేలు తగలగానే లోపల గడియ జారిన చప్పుడయ్యేది. వంటింట్లోంచి ఒక ఆడగొంతు తెలుగులో "నమస్తే జగ్గమ్మ గారూ" అనేది. ఆ మాట అనేది మనిషి కాదు, వంటింటి గట్టు మీద కూర్చున్న తెల్లటి పెట్టె. ఆ ఇంట్లో దీపాలూ ఫ్యాన్లూ తలుపు తాళమూ అన్నీ దాని మాటే వింటాయి. పుట్టి బుద్ధెరిగాక జగ్గమ్మను గారూ అని పిలిచింది లోకంలో ఆ పెట్టె ఒక్కటే. ఈ సంగతి ఇంటికెళ్ళి మొగుడు బైరాగికి చెబితే, అప్పుడే సంత్రాగాఛి యార్డులో రైలుపెట్టెలు కడిగి వచ్చిన ఆ మనిషి కాళ్ళు చాపుకుని పడీపడీ నవ్వాడు. నవ్వితే నవ్వనీ అనుకుంది గానీ, పొద్దున్నే ఆ పలకరింపు పూర్తయ్యేదాకా ఆమె గుమ్మంలో రవ్వంత ఆగిన మాట నిజం.

ఇవాళ తలుపుకు చెవి ఆనిస్తే లోపల అదే గొంతు ఇంకేదో అంటోంది. "అప్‌డేట్ జరుగుతోంది. దయచేసి ఆగండి." కాసేపటికి మళ్ళీ అదే మాట. ఆగమంది కదా అని జగ్గమ్మ కాసేపు ఆగింది కూడా. పెట్టె ఆ మాట తప్ప ఇంకో మాట నేర్చేటట్టు కనబడకపోయేసరికి కిందికి దిగి, కాపలా అతను చూపించిన కుర్చీలో కూర్చుని అరుంధతికి ఫోన్ చేసింది.

"నా ఫోన్‌లో కూడా ఆఫ్‌లైన్ అనే చూపిస్తోంది పిన్నీ. రాత్రి అప్‌డేట్ మొదలైంది, మధ్యలో ఆగిపోయినట్టుంది. నువ్వక్కడే ఉండు, నేను వచ్చి తీస్తాను."

"అంత కడుపుతో నువ్వెందుకమ్మా రావడం? నానుండిపోతాను గాని."

"పర్లేదు, క్యాబ్ బుక్ చేశాను."

ఏడో నెల పొట్ట పట్టుకుని అరుంధతి ఆఫీసునుంచి వచ్చింది. హ్యాండ్‌బ్యాగులోంచి ఇనప తాళంచెవి తీసి తలుపు తెరిచింది, తెరిచి మళ్ళీ బ్యాగులో వేసుకుంది. ఆ చెవి తన దగ్గరే ఉండి ఉంటే ఈ పిల్లకు ఇంత తిప్పట ఉండేది కాదు కదా అన్న ఆలోచన జగ్గమ్మకు రాలేదు. రాకపోవడానికి కారణం ఉంది.

శ్రీకాకుళంనుంచి ఓడరేవు పనికీ రైల్వేకూ వలసవచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డ మనవాళ్ళకు ఒక జబ్బు ఉంది. పగలంతా బెంగాలీలో బతిమాలి, హిందీలో బేరమాడి, నోరు అలిసిపోయి ఉంటారేమో, ఎక్కడ తెలుగు మాట చెవిన పడినా సరే, ఊరూ పేరూ తెలియకముందే చుట్టరికం కలిపేసుకుంటారు. జగ్గమ్మ అదే టవర్లో, తను వదినగారని పిలిచే మిత్రా అనే బెంగాలీ ఆవిడింట్లో చాలా ఏళ్ళుగా వంట చేస్తోంది. ఒకరోజు లిఫ్టులో ఒక అమ్మాయి ఫోన్‌లో "చారు విరిగిపోయిందమ్మా, ఏం చెయ్యను?" అని ఏడుపుగొంతుతో అడగడం విని, "చారు విరగడమేటమ్మా, పాలు గదా విరుగుతాయి" అని నవ్వింది. ఆ అమ్మాయి అరుంధతి. హైదరాబాదు పిల్ల. మర్నాటికి వంటకు కుదిరింది, వారం తిరక్కుండా పిన్ని అయింది.

మిత్రా వదినగారు మంచిదే గానీ చక్కెర డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసే మనిషి, అదీ జగ్గమ్మ కళ్ళెదుటే. అరుంధతి ఇంట్లో వేటికీ తాళాలు లేవు. "పుట్టే బిడ్డను నీ చేతుల్లోనే పెడతాను పిన్నీ, మిగతా పని మానెయ్" అని ఆ పిల్ల అడిగితే జగ్గమ్మ రెండో ఆలోచన లేకుండా ఒప్పుకుంది. వచ్చే నెలనుంచి రానని వదినగారికి చెప్పేసింది కూడా. ఆవిడ చిన్నబుచ్చుకుని అప్పుడే ఇంకో మనిషిని మాట్లాడుకుంటోంది. ఇక ఈ ఇల్లే జగ్గమ్మకు తిండీ, ఈ బిడ్డే పనీ.

"మీ అబ్బాయి యోగేశ్ ఇలాంటివి బాగుచేస్తాడన్నావు కదా?" అంది అరుంధతి, పెట్టెను అటూ ఇటూ తిప్పుతూ. "కంపెనీవాళ్ళు మనిషిని పంపడానికి వారమంటున్నారు."

"సేస్తాడేటి, అదే గదా ఆడి పని. ఇయ్యాలే రమ్మంతాను."

ఆ మాట అంటున్నప్పుడు జగ్గమ్మ గొంతులో ఉన్న గొప్ప సంగతి చెప్పనక్కర్లేదు.

*

యోగేశ్ సాయంత్రం వచ్చాడు. గుమ్మం బయట బూట్లు విప్పి, సంచీ భుజానికి తగిలించుకుని, ఎవరి ఇంట్లోకో అడుగుపెట్టినట్టు ఒద్దికగా లోపలికొచ్చాడు. జగ్గమ్మకు ఒక్కగానొక్క కొడుకు. న్యూ టౌన్‌లో ఒక షాపు తరఫున ఇళ్ళల్లో కెమెరాలూ డిజిటల్ తాళాలూ బిగిస్తాడు. ఎప్పటికైనా సొంతంగా ఆ పని చేసుకోవాలని వాడి కోరిక.

"ఏటయ్యిందిరా దీనికి?" అంది జగ్గమ్మ, తుడిచిన గట్టునే మళ్ళీ తుడుస్తూ.

యోగేశ్ పెట్టె నెత్తిమీద వలయంలా తిరుగుతున్న నారింజరంగు దీపాన్ని చూశాడు. "పాత సాఫ్ట్‌వేర్ సగం పోయిందమ్మా, కొత్తది సగమే ఎక్కింది. మధ్యలో నెట్ పోయుంటుంది. ఇప్పుడిది అటూ కాదు, ఇటూ కాదు."

"రెంటికీ చెడ్డ రేవడన్నమాట."

వాడు ముందు ప్లగ్గు పీకి, కొంతసేపాగి మళ్ళీ పెట్టాడు. నెట్ పెట్టెను ఆర్పి వెలిగించాడు. సిమ్ తీసే సన్నటి సూదిని పెట్టె అడుగునున్న కన్నంలో గుచ్చి అలాగే నొక్కి పట్టుకున్నాడు. దీపం ఆరింది, ఎర్రబడింది, పెట్టె గొంతు సవరించుకున్నట్టు చిన్న శబ్దం చేసింది. ముగ్గురూ దానిమీదికి వంగారు. "అప్‌డేట్ జరుగుతోంది. దయచేసి ఆగండి."

"ధుత్," అన్నాడు యోగేశ్. "మేడమ్, ఒకసారి మీ ఫోన్ ఇస్తారా? యాప్‌లో సెట్టింగులు చూడాలి."

అరుంధతి ఇవ్వబోయి ఒక్క క్షణం తటపటాయించి, ఇచ్చింది. యోగేశ్ బొటనవేలు తెరమీద పైకీ కిందికీ జారుతూ పోయి ఒకచోట ఆగింది. కాసేపు అక్కడే ఉంది. వాడు తలెత్తి తల్లికేసి చూశాడు. జగ్గమ్మ ఆ చూపును ఆకలనుకుంది.

"ఉప్మా ఉన్నాది, తింతావేటిరా?"

"వద్దమ్మా."

అరుంధతి "బాల్కనీలోకి రా యోగేశ్, ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు" అంది. ఇద్దరూ బాల్కనీలో నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. ఆ పిల్ల చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తోంది, వీడు తలాడిస్తున్నాడు, మధ్యమధ్య "ఎస్ మేడమ్, ష్యూర్ మేడమ్" అంటున్నాడు. జగ్గమ్మ తలుపు చాటునుంచి కళ్ళార్పకుండా చూసింది. పెద్ద ఆఫీసులో పెద్ద జీతం తెచ్చుకునే పిల్లతో తన కొడుకు సమానంగా నిలబడి ఇంగ్లీషు దంచేస్తున్నాడు. కాకిపిల్ల కాకికి ముద్దే అనుకోండి, కానీ ఆ పూట ఆమెకు ఆ కాకిపిల్ల రాజహంసలా కనిపించింది.

ఆ రాత్రి బస్సులో, "ఏటన్నాదిరా ఆ పాప?" అని అడిగింది.

యోగేశ్ కిటికీ బయటికి చూస్తూ "ఏం లేదమ్మా. ఈ టవర్ అసోసియేషన్‌లో చెప్పి అన్ని ఫ్లాట్ల పనీ నాకే ఇప్పిస్తానంది" అన్నాడు.

జగ్గమ్మ బస్సులోనే దండం పెట్టుకుంది.

*

మర్నాడూ ఆ మర్నాడూ అరుంధతి జగ్గమ్మ వచ్చేదాకా ఆఫీసుకు వెళ్ళకుండా కాచుకుని ఉండి తలుపు తీసింది. సాయంత్రం తను వచ్చేదాకా జగ్గమ్మను లోపలే ఉండమంది. ఒకే మాట పట్టుకున్న పెట్టెకు జగ్గమ్మ ఉదయం ఒకసారి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచింది. జబ్బుమనిషిని చూసినట్టు జాలేసింది దాన్ని చూస్తే.

"దీనికీ కాన్పు కష్టమైనట్టున్నాదమ్మా," అంటే అరుంధతి పగలబడి నవ్వి, ఆయాసంతో సోఫాలో కూలబడి, జగ్గమ్మ చెయ్యి తీసి తన పొట్టమీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నింది. "చూశావా, నీ చెయ్యి గుర్తుపడుతోంది పిన్నీ." ఆ మాటకు జగ్గమ్మ కళ్ళు చెమర్చాయి. వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు లేకుండానే కళ్ళు తుడుచుకుంది.

ఇంటి దగ్గర యోగేశ్ రెండు రాత్రులూ ల్యాప్‌టాప్ ముందే కూర్చున్నాడు. ఆ పెట్టె పాత సాఫ్ట్‌వేర్ ఎక్కడో ఎవరో పెట్టి ఉంచారట, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి దింపుకున్నాడు. పాతది ఎక్కించి పెట్టెను లేపి, లేచాక కొత్తది నెమ్మదిగా ఎక్కించాలట. తల్లి అన్నం పెడుతూ ఏదో అడిగితే వాడు తెరమీంచి కళ్ళు తిప్పకుండా ఊఁ కొట్టాడు. పనిమీద ధ్యాస అనుకుంది జగ్గమ్మ. కొడుకు తన కళ్ళలోకి చూడటం మానేశాడని ఆమెకు తట్టలేదు.

*

ఆదివారం పొద్దున తల్లీకొడుకులిద్దరూ కలిసే వెళ్ళారు. అరుంధతి మొగుడు ఆఫీసు పనిమీద బెంగుళూరులో ఉన్నాడు. యోగేశ్ వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టె వెనకాల తీగ గుచ్చాడు. జగ్గమ్మ ఆ పక్కనే మినుములు దోరగా వేయించి, మిక్సీలో పిండి పట్టి, బెల్లం తురిమి కలిపి పెట్టింది. కడుపుతో ఉన్న పిల్లకు నడుం గట్టిపడాలంటే సున్నుండల్ని మించినది లేదని ఆమె నమ్మకం. ఇక నెయ్యి ఒక్కటే కావాలి.

పాతది ఎక్కి, దానిమీద కొత్తదీ ఎక్కాక పెట్టె నెత్తిన దీపం ఎర్రబడి, పసుపై, చివరికి తెల్లగా నిలిచింది. వంటింటి మూలనున్న చిన్న కెమెరా కన్ను మెరిసింది.

"సిద్ధంగా ఉన్నాను," అంది పెట్టె.

"వచ్చేసింది!" యోగేశ్ చప్పట్లు కొట్టాడు. హాల్లో సోఫాలో పడుకున్న అరుంధతి "సూపర్ యోగేశ్!" అని అక్కణ్నుంచే కేకేసింది. జగ్గమ్మ ముఖం వెలిగిపోయింది. కొడుకు భుజం తట్టి, నెయ్యి కోసం స్టోరు అలమర తలుపు లాగింది.

"హెచ్చరిక," అంది పెట్టె. అదే గొంతు, అదే తెలుగు. "స్టోరు అలమర తెరుచుకుంది. తెరిచినది పనిమనిషి జగ్గమ్మ."

యోగేశ్ చెయ్యి చటుక్కున పెట్టె వెనక్కి పోయింది. ఏ మీట ఎక్కడుందో వెతుక్కోలేదు, ఆ చేతికి ముందే తెలుసు. అయినా పెట్టె మిగతా మాట కూడా అనేసింది. "ఫోటో అరుంధతి గారి ఫోన్‌కు పంపాను." సోఫా మీద ఫోన్ టింగుమంది.

అరుంధతి లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎవరూ ఏమీ అనకముందే యోగేశ్ నోరు జారాడు.

"సారీ మేడమ్. సైలెంట్‌లోనే పెట్టాను. కొత్త వెర్షన్ ఎక్కేటప్పుడు ఆ సెట్టింగ్ పోయినట్టుంది."

జగ్గమ్మ నేతిసీసా చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. పెట్టె అన్న మాట ఆమెకు ఇంకా పూర్తిగా ఎక్కలేదు. కొడుకు అన్నది మాత్రం ఎక్కింది. వాడు సారీ చెప్పింది తనకు కాదు.

"ఏటన్నాదిది?"

"ఏం లేదు పిన్నీ," అంది అరుంధతి. "సేఫ్టీ కోసం అలా ఉంటుంది. ఇంట్లో ఎవరు తీసినా చెబుతుంది."

"అలగేటి." జగ్గమ్మ సీసా లోపల పెట్టి తలుపు మూసింది. "ఒరే, దాని నోరు మూసీసినావు గదా, తియ్యి."

"అమ్మా, ఇప్పుడెందుకే..."

"తియ్యమన్నానా!"

యోగేశ్ మీట నొక్కాడు. జగ్గమ్మ పక్కకు జరిగి నిలబడింది. "ఏదమ్మా, నువ్వోపాలి తియ్యి."

అరుంధతి కదల్లేదు. జగ్గమ్మ కూడా కదల్లేదు. చివరికి ఆ పిల్ల వచ్చి అలమర తలుపు తెరిచింది, మూసింది. పెట్టె కిక్కురుమనలేదు. ఫ్రిజ్జు చప్పుడు ఒక్కటే వినబడింది. తర్వాత జగ్గమ్మ తెరిచింది.

"హెచ్చరిక. స్టోరు అలమర తెరుచుకుంది. తెరిచినది పనిమనిషి జగ్గమ్మ."

పొద్దున్నే అనే గారూ ఇక్కడ లేదు. ఇన్నాళ్ళూ గుమ్మంలో నమస్తే పెట్టి, లోపలికొచ్చాక వెనకాలే తిరిగి చాడీలు మోసిందన్నమాట. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అందుకని ఈశ్వరుడి పని ఈ పెట్టెకు అప్పగించారు. అసలు దొంగంటూ ఉన్నదా లేదా అని మాత్రం ఎవరూ చూసుకోలేదు.

"మొకం గుర్తుపట్టాలని పొటో తీసినావు గదమ్మా," అంది జగ్గమ్మ. పెట్టె కోసమని అరుంధతి ఫోటో తీసిన రోజున ఆమె ముఖం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని, కొంగు నిండా కప్పుకుని మరీ నిలబడింది. "ఇందుకేనేటి?"

అరుంధతి కళ్ళనిండా నీళ్ళు. "వానాకాలంలో నా ఉంగరం కనబడలేదు కదా పిన్నీ. అప్పుడు మా ఆయన పెట్టించాడు. దొరికాక తీసెయ్యాలనే అనుకున్నాను. నిజంగా మర్చిపోయాను."

ఆ ఉంగరం కోసం జగ్గమ్మ మోకాళ్ళమీద ఇల్లంతా పాకింది. స్నానాలగది తూములో చెయ్యి పెట్టి దేవింది. దొరికితే చీర పెడతానని పైడితల్లికి మొక్కుకుంది. అది అరుంధతి హ్యాండ్‌బ్యాగు అరలోనే దొరికింది. దొరికిన రోజున ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వుకున్నారు. ఆ మర్నాడో ఆపై మర్నాడో, "ఇక నీ వేలే తాళంచెవి పిన్నీ, ఈ ఇనపముక్క మొయ్యడమెందుకు" అని ఆ పిల్ల తన దగ్గరున్న చెవి తీసుకుంది. ఎంత ముద్దుగా తీసుకుందో ఇప్పుడు గుర్తుకొచ్చి జగ్గమ్మకు ఒళ్ళంతా మండింది.

"మరిసిపోతే, ఇన్నాళ్ళూ వచ్చిన పొటోలు ఎవులు సూస్తన్నారమ్మా?"

అరుంధతి తల దించుకుంది.

జగ్గమ్మ నెయ్యి తీసి గిన్నెలో వేసి పొయ్యి వెలిగించింది. "పిన్నీ, ఇప్పుడవన్నీ ఎందుకు, కూర్చో" అని అరుంధతి చెయ్యి పట్టుకోబోతే, "సగంలో ఒదిలీకూడదమ్మా, కడుపుతో ఉన్నదాని నోటికెట్టేది" అని మెల్లగా విడిపించుకుంది. కాగిన నెయ్యి పిండిమీద పోసి, చెయ్యి కాలుతున్నా ఆగకుండా ఉండలు చుట్టింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అని ఊళ్ళో తల్లి అంటుండేది, అది పప్పుల సంగతనే ఇన్నాళ్ళూ అనుకుంది. యోగేశ్ ల్యాప్‌టాప్ మూత వేసి, తెరిచి, మళ్ళీ వేసి, ఎటూ పాలుపోక నిలబడ్డాడు. ఉండలన్నీ డబ్బాలో సర్ది, మూత పెట్టి, గిన్నె కడిగి బోర్లించి, ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నిన్ను పిన్నీ అని పిలిచింది అబద్ధం కాదు," అంది అరుంధతి ఏడుస్తూ.

"కాదమ్మా. పిలుపు బాగానే ఉండేది. నానే దాన్నట్టుకుని శానా దూరం ఎల్లిపోనాను." జగ్గమ్మ కొడుకువైపు తిరిగింది. "నా మొకం దాన్లోంచి తీసీ. యేలు గూడా."

"అమ్మా, తీసేస్తే నీకు తలుపు తెరుచుకోదు."

"అందుకే తియ్యమంతన్నాను."

యోగేశ్ అరుంధతికేసి చూశాడు. ఇందుకు కూడా ఆ పిల్ల అనుమతే కావాలి. అరుంధతి ఫోన్ వాడి చేతికిచ్చి ముఖం పక్కకు తిప్పుకుంది. వాడి వేలు తెరమీద రెండుసార్లు కదిలింది.

"పనిమనిషి జగ్గమ్మను తొలగించాను," అంది పెట్టె.

*

బస్సు హుగ్లీ నది మీది రెండో వంతెన ఎక్కింది. వచ్చే నెల ఏం తినాలో జగ్గమ్మకు తెలియదు. మిత్రా వదినగారింటికి కొత్తమనిషి వచ్చేసి ఉంటుంది. విచిత్రమేమిటంటే ఆ బెంగ పైపైనే తిరుగుతోంది, లోపలికి దిగడం లేదు. అరుంధతి మాటా అంతే. ఎంతైనా పరాయి పిల్ల, భయపడింది, కాపలా పెట్టుకుంది. గుండెలో దిగబడ్డది వేరే ఉంది, అది పక్క సీట్లోనే కూర్చుని ఉంది.

బైరాగి డ్యూటీలో ఉన్నాడు. జగ్గమ్మ అన్నం వండి, పప్పు కాచి, కొడుక్కి కంచం పెట్టింది. వాడు అన్నం కెలుకుతూ తనంతట తనే మొదలుపెట్టాడు.

"అన్ని ఇళ్ళల్లోనూ పెట్టించుకుంటారమ్మా. నేనే పెడతాను. అదేం పెద్ద విషయం కాదు. నీకు చెప్తే ఊరికే బాధపడతావని."

జగ్గమ్మ వాడి కంచంలో పప్పు వేసింది.

"మొదటిరోజే చూశాను. తీసెయ్యమని అడుగుదామనే అనుకున్నా. ఆవిడే బాల్కనీలోకి పిలిచి, అమ్మకు చెప్పకు, సైలెంట్‌గా ఉండనీ అంది. టవర్ పనంతా ఇప్పిస్తానని కూడా అప్పుడే అంది. ఏం చెయ్యను మరి? నా సొంత పని మొదలవుతుంది కదా. నీకు ఇంకెక్కడా వంట చెయ్యక్కర్లేకుండా పోతుంది కదా."

"ఆ మర్నాడు నన్నక్కడికే అంపినావు."

"అమ్మా..."

"దానికి దుమ్ము తుడిసినాన్రా నాను. జబ్బు సేసిందని జాలిపడినాను. బస్సులోనే నీకోసరం దండమెట్టుకున్నాను." ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే యోగేశ్‌కు కాస్త తేలిగ్గా ఉండేది. "ఆ యమ్మకు నాను పనిమనిషినే. నీకేటవుతాన్రా?"

వాడు నీళ్ళు తాగాడు. ఏదో ఒకటి చెయ్యకపోతే కూర్చోలేనట్టు, ఊరగాయ కోసం లేచి మూలనున్న గూటి దగ్గరకు వెళ్ళాడు. రేకు తలుపు లాగితే కిర్రుమంది. జాడీ మీద చెయ్యి వేసి, ఎందుకో తల్లికేసి చూసి, అలాగే ఆగిపోయాడు.

"తీసుకోరా," అంది జగ్గమ్మ. "నానెవులికీ సెప్పన్లే."